బీసీఎల్-2, ఎంసీఎల్-1: న్యూరోబ్లాస్టోమా కణాలను చావనివ్వని రెండు ప్రోటీన్లు

ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల్లో, తరచుగా అడ్రినల్ గ్రంథిలో పుట్టే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితిలో, నశించవలసిన కణాలు నశించకుండా నిలవడానికి బీసీఎల్-2, ఎంసీఎల్-1 అనే ప్రోటీన్లు ముఖ్యంగా తోడ్పడతాయి. ఒకే కుటుంబానికి చెందిన ఈ రెండూ బిమ్ వంటి మరణ సంకేత ప్రోటీన్లను బంధించి, బాక్స్, బాక్ ప్రోటీన్లు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరకు రంధ్రాలు చేసి కణాన్ని చంపకుండా అడ్డుకుంటాయి.

ప్రధానమైన తేడా నిలకడలో ఉంది. బీసీఎల్-2 కణంలో చాలాసేపు ఉంటుంది. ఎంసీఎల్-1 త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక కణం దానిని నిరంతరం తయారుచేసుకోవలసిందే. నోక్సా అనే ప్రోటీన్ ఎంసీఎల్-1ను పట్టుకుంటుంది గానీ బీసీఎల్-2 జోలికి పోదు.

చికిత్స దృష్టితో చూస్తే బీసీఎల్-2 వైపే మొగ్గు కనిపిస్తుంది. దానిని నిరోధించే వెనెటోక్లాక్స్ అనే మందుకు 2016లో అమెరికాలో ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఆమోదం లభించింది. బీసీఎల్-2 అధికంగా ఉన్న న్యూరోబ్లాస్టోమా కణాలు ప్రయోగశాలలో ఆ మందుకు లొంగాయి. అయితే అలా బీసీఎల్-2 పట్టు నుంచి విడుదలైన బిమ్‌ను ఎంసీఎల్-1 అందుకుని కణాన్ని మళ్లీ కాపాడగలదు. అందువల్ల రెండింటినీ కలిపి అడ్డుకోవాలన్న ఆలోచన సహేతుకమే. కానీ గుండె కండరానికి ఎంసీఎల్-1 అవసరం. దాని నిరోధకాలతో పెద్దవారిపై జరిపిన కొన్ని పరీక్షలు గుండెపై ప్రభావం కారణంగానే నిలిచిపోయాయి. న్యూరోబ్లాస్టోమా చికిత్సలో గుండెను దెబ్బతీయగల డాక్సోరూబిసిన్ అనే కీమోథెరపీ మందు పొందిన పిల్లల గుండెకు ముందే ముప్పు ఉంటుంది కనుక, కణితి ఏ ప్రోటీన్‌పై ఆధారపడుతోందో పరీక్షించకుండా ఎంసీఎల్-1ను ఎంచుకోవడం సమంజసం కాదు.