ఆరేళ్ళుగా మా బాల్కనీలో ఎరువు కుండ: వాడిన మీదట రాస్తున్నాను

వంటింటి చెత్తని ఎరువు చేసే ఈ కుండ వాసన వస్తుందా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది వచ్చింది, ఆ తర్వాత రాలేదు. ఎందుకు వచ్చిందో, ఎలా పోయిందో కింద వివరంగా రాస్తాను, కొనేముందు నాకు ఎవరూ చెప్పని విషయం అదే కాబట్టి.

కొన్నది 2019 కార్తీకమాసంలో. బెంగళూరు కగ్గదాసపురలో అద్దె ఫ్లాట్, రెండో అంతస్తు, ఒక నవారు మంచం వేస్తే ఇంక నిలబడడానికి చోటుండని బాల్కనీ. ఇంట్లో ముగ్గురం, ఎండాకాలంలో రేపల్లె నుంచి అమ్మ వస్తే నలుగురం. వస్తువు ఏమిటంటే ఒకదాని మీద ఒకటి కూర్చునే మూడు కాల్చిన మట్టి కుండలు, పైన మూత. పై రెండు కుండలకి అడుగు ఉండదు, తాడుతో అల్లిన వల ఉంటుంది, దాని మీద పాత పేపరు పరిచి చెత్త వెయ్యాలి. అన్నిటికంటే కింది కుండకి మాత్రం మామూలు అడుగే. ఈ ఊళ్ళో దీన్ని కంబా అంటారు. పూనమ్ బీర్ కస్తూరిగారు 2006లో ఇక్కడ డైలీ డంప్ అనే సంస్థ మొదలుపెట్టి వీటిని జనానికి అలవాటు చేశారు. నాది వాళ్ళ దగ్గర కొన్నది కాదు, అదే పద్ధతిలో చేసి అమ్మే వేరే దుకాణంలోది. మూడు వేల చిల్లర అయింది. మూత అంచు పగిలి వచ్చింది, మార్చి ఇమ్మంటే ఇవ్వలేదు, ఎమ్‌సీల్ పెట్టి అతికించాను, ఇప్పటికీ అదే మూత.

ఎందుకు కొన్నానో కూడా చెప్పాలి. నేను ఈ ఊరు వచ్చింది 2012లో. ఆ ఏడాదే యలహంక వైపు మావళ్ళిపురలో ఊరి చెత్త పొయ్యడం ఆగిపోయి, వీధి మూలల్లో సంచులు గుట్టలుగా పేరుకుపోయాయి, ముక్కుకి చున్నీ కట్టుకుని బస్టాపుకి నడిచేదాన్ని. తర్వాత, ఊరి చెత్త పోస్తున్న మండూరులో జనం మీ చెత్త మాకొద్దని ఎదురు తిరిగితే 2014 చివర్లో అక్కడా ఆపేశారు. 2015లో హైకోర్టు ఉత్తర్వుతో రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి వచ్చింది. ఆకుపచ్చ డబ్బాలో తడి చెత్త, ఎరుపు డబ్బాలో డయపర్లు, బ్యాండేజీలు, ఊడ్చిన దుమ్ము లాంటివి, సంచిలో పొడి చెత్త. నేను శ్రద్ధగానే వేరు చేస్తూ వచ్చాను, పాల ప్యాకెట్లు కూడా కడిగి ఆరబెట్టే వేస్తాను. కానీ మా గోంగూర కాడలూ అరటి తొక్కలూ కుళ్ళి కారిన నీళ్ళు ఎక్కడో ఒక ఊరివాళ్ళ బోరు నీళ్ళలో కలుస్తాయన్న సంగతి మాత్రం మనసులోంచి పోలేదు. మన ఊళ్ళో పేడా, గడ్డీ, కూరగాయల చెత్తా అన్నీ ఇంటి వెనక పెంటపోగులోనే పడేవి, ఏరువాక ముందు బండికెత్తి చేలో తోలేవాళ్ళు. ఇంటి నుంచి చెత్త బయటికి పోవడం అనేదే నాకు ఇక్కడికి వచ్చాక తెలిసింది.

వాడకం రోజుకి రెండు నిమిషాల పని. మూత తీసి, ఆ రోజు తొక్కలూ కాడలూ వేసి, పైన పొడి సరుకు కప్పి, మూత పెట్టెయ్యడమే. ముప్పై నలభై రోజుల్లో పై కుండ నిండుతుంది. అప్పుడు దాన్ని మధ్యకి దించి, మధ్యలో ఉన్న ఖాళీ కుండని పైకి మార్చాలి. అదీ నిండాక మధ్య కుండలోది కింది కుండలోకి దించెయ్యాలి. మొత్తం మీద మూడు నెలలకి కింద నల్లటి పొడి ఎరువు. కూరగాయలు తూచే చిన్న కాటాతో కొన్నాళ్ళు తూచి చూశాను, మా ఇంట్లో వారానికి ఐదు కిలోల తడి చెత్త వస్తుంది, మామిడిపళ్ళ రోజుల్లో ఎనిమిది దాకా పోతుంది. మూడు నెలల చెత్త, దానికి కలిపిన ఆకులూ అంతా కలిసి చివరికి పది పన్నెండు కిలోల ఎరువు అవుతుంది, మిగతాదంతా నీరూ గాలీ అయిపోతుంది.

ఇంక వాసన సంగతి. 2020 జూన్, అందరం ఇళ్ళలోనే ఉన్న రోజులు, మూడు పూటలా వంట, బయట వాన. కుండ అడుగున నల్లటి నీళ్ళు చేరి, మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పై అంతస్తు ఆంటీ వచ్చి గుమ్మం బయటే నిలబడి, మీ ఇంట్లో ఏదైనా చచ్చిందేమో చూసుకోమ్మా అన్నారు. ఆ రాత్రి నిజంగా ఏడ్చాను, తెల్లవారి మొత్తం తీసి పారేద్దామనుకున్నాను. అప్పుడు తెలిసిన విషయం ఇది. తడి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ, దీన్ని మట్టి చేసే సూక్ష్మజీవులకి నత్రజని ఒక పాలుంటే కర్బనం సుమారు ముప్పై పాళ్ళు కావాలి, దానితోపాటు గాలి ఆడాలి. నేనేమో రోజూ కుండెడు తడిచెత్త మీద పిడికెడు కొబ్బరిపొట్టు చల్లి చేతులు దులుపుకునేదాన్ని. గాలి అందక లోపల కుళ్ళింది. వీధి చివర వడ్రంగి షాపులో రంపపు పొట్టు అడిగి తెచ్చి, అన్నీ బయటికి తీసి కలిపి, మళ్ళీ వేశాను. నాలుగు రోజుల్లో వాసన పోయింది. ఇప్పుడు నాకు ముక్కే చాలు: ఘాటుగా అమ్మోనియాలా కొడితే పొడి సరుకు తక్కువైందని, కోడిగుడ్డు వాసనైతే గాలి ఆడట్లేదు, కలపాలని అర్థం. దోసెడు తడి చెత్తకి రెండు దోసిళ్ళు నలిపిన ఎండుటాకులు, ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. అమ్మేవాళ్ళు కొబ్బరిపొట్టు, ఎంజైము పొడి డబ్బాలు కలిపి అంటగడతారు, నేను మొదటి ఏడాది తర్వాత అవేవీ కొనలేదు. వారానికోసారి పుల్లమజ్జిగ ఒక గ్లాసు, అప్పుడప్పుడు గుప్పెడు వేపపిండి, అంతే.

ఆకులు ఎక్కడివంటారా, బెంగళూరులో కరువే లేదు. మాఘమాసం వచ్చేసరికి మా వీధి కానుగ చెట్లు ఆకంతా దులిపేస్తాయి. ఖాళీ బియ్యం సంచులు నాలుగు పట్టుకుని పార్కుకి పోయి నింపుకొస్తాను, ఏడాదంతా సరిపోతాయి. మా వీధి ఊడ్చే పౌరకార్మికురాలు తెలుగావిడే, మదనపల్లె వైపు. మొదట్లో ఒకరోజు చెత్త ఆటో ఆపి, “ఏమక్కా, మీ ఇంట్లో వంట చేసుకోరా? పచ్చ డబ్బా వారానికోసారి గూడా రాదే!” అని అడిగింది. బాల్కనీలోకి పిలిచి చూపించాను. అప్పటినుంచి ఊడ్చిన ఆకుల్లో ప్లాస్టిక్ ఏరేసి ఒక సంచి మా గేటు పక్కన పెట్టి పోతుంది. లేకపోతే అవి ఎక్కడో ఒక మూల తగలబడేవి. నేను ప్రతి విడతలోనూ మొదటి రెండు కిలోలూ ఆవిడ కరివేపాకు మొక్కకి ఇస్తాను.

ఏవి వెయ్యొచ్చు అన్నదాంట్లో మన వంటిల్లు వేరు కదా, అందుకని నా అనుభవం చెబుతాను. గోంగూర కాడలు, తోటకూర వేర్లు, బీరకాయ చెక్కు, కాఫీ పిప్పి, పగలగొట్టి నలిపిన గుడ్డు పెంకులు హాయిగా కలిసిపోతాయి. నమిలి పారేసిన మునక్కాయ పిప్పి నెమ్మదిగానైనా అవుతుంది. చింతపండు పిప్పి కొంచెంగా వెయ్యాలి. బూజు పట్టిన ఆవకాయ ఒకసారి జాడీడు వేసేశాను, ఉప్పుకీ నూనెకీ లోపలి పని మొత్తం ఆగిపోయింది, పది రోజులు ఎక్కడిది అక్కడే ఉంది. మామిడి టెంకలు మొలకెత్తుతాయి, వాటిని తీసి పార్కు గోడ పక్కన పాతుతున్నాం, ఒకటి బతికింది. కొబ్బరి చిప్పలు వద్దు. మాంసం ఎముకలు నేను వెయ్యను, ఆదివారం చికెన్ వండినప్పుడు అవి ఆకుపచ్చ డబ్బాలోకే. వినాయకచవితి పత్రి, వరలక్ష్మీ వ్రతం బంతిపూలు దారాలు తీసేసి వేస్తే అంత మంచి సరుకు ఇంకోటి లేదు.

పురుగుల గురించి తెలియక చాలామంది మానేస్తున్నారు. వానాకాలంలో లావుపాటి బూడిదరంగు పురుగులు వందల్లో పుడతాయి. చూడగానే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, తడి చెత్తని మనకంటే వేగంగా తినేస్తాయి. పెద్దవయ్యాక ఈగలు కుట్టవు, అన్నం మీద వాలవు. వాటిని చంపకండి. పొడి సరుకు పెంచితే వాటంతట అవే తగ్గిపోతాయి.

అసలు నేను ఆరేళ్ళు దీన్ని వదలకుండా ఉండడానికి కారణం చెత్త మీద బాధ్యత ఒక్కటే అయితే రెండో ఏడే మానేసేదాన్నేమో. ఆదివారం పొద్దున అరగంట కలపాలి, అది తప్పదు. ఆ అరగంటా రెండు చేతులూ మోచేతుల దాకా మట్టి. ఫోన్ ముట్టుకోలేను. అందుకని మొదలుపెట్టే ముందే ఆకాశవాణి రాగం పెట్టి స్పీకరుని కిటికీ చువ్వకి తగిలిస్తాను. 2016లో మొదలైన ఛానల్ అది, రోజంతా శాస్త్రీయ సంగీతమే, మన బెంగళూరు కేంద్రం నుంచే వస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే విజయవాడ కేంద్రం, బాలమురళీకృష్ణగారు అక్కడ పనిచేసినప్పుడు మొదలుపెట్టిన భక్తిరంజని, అది వింటూ అమ్మ కళ్ళాపి చల్లేది. ఎవరూ పాట మార్చేవాళ్ళు కాదు, ఏది వస్తే అది. నేను ఫోన్‌లో వినడం మొదలుపెట్టాక ఆ అలవాటు పోయింది. ఆలాపన కొంచెం సాగితే చాలు, వేలు తర్వాతి పాట మీదికి పోయేది, ఏళ్ళ తరబడి ఏ కీర్తనా చివరిదాకా వినలేదు. కుండ కలిపేటప్పుడు వేలికి మట్టి కాబట్టి వినక తప్పదు. ఎక్కువ ఆలాపన, పేరు తెలియని విద్వాంసుడు, పాట ఆగి మృదంగం మోగే తని ఆవర్తనం, ఏదైనా సరే మొత్తం వినాలి.

అలా వినగా వినగా నాకు పాట నేర్చుకోకుండానే కొన్ని రాగాలు తెలిసిపోయాయి. చాలా రోజులు మోహన, బిలహరి ఒకటే అనిపించేవి. ఒక ఆదివారం మధ్య కుండ కలుపుతుంటే అర్థమైంది, పైకి పోయేటప్పుడు రెండిటికీ అవే ఐదు స్వరాలు, దిగేటప్పుడు బిలహరిలో నిషాదమూ మధ్యమమూ వచ్చి చేరతాయి, మోహనలో రావు. కీర్తన అయ్యాక అనౌన్సర్ రాగం పేరు చెప్పేవరకు ఊపిరి బిగబట్టి విన్నాను. బిలహరే. అంత ఆనందం నాకు ఈ మధ్య జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు. మావాడు గదిలోంచి ఏమైందమ్మా అని పరిగెత్తుకొచ్చాడు. ఇప్పుడు వాడు కూడా పక్కన స్టూలు వేసుకుని ఆకులు నలుపుతూ రాగం పందెం వేస్తాడు, సగం సార్లు వాడే నెగ్గుతున్నాడు.

ఇంకా బాగోని సంగతులు ఉన్నాయి. నిండిన కుండ బరువు ఒక్కరి వల్ల దించేది కాదు, మా ఆయన ఊళ్ళో లేకపోతే ఆ వారం మార్పిడి ఆగిపోతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్ళు కింద ట్రే ఉన్న ప్లాస్టిక్ డబ్బా పద్ధతి చూసుకోవడం మంచిది. కుండలతో వచ్చిన కొబ్బరితాడు వల రెండో వానాకాలానికే కుళ్ళి తెగిపోయి చెత్తంతా కింద పడింది, నైలాన్ తాడు అల్లుకున్నాక మళ్ళీ ఆ బాధ లేదు. 2022లో ఇదే వీధిలో ఇల్లు మారినప్పుడు సామాన్లు మోసినవాళ్ళు మధ్య కుండ పగలగొట్టారు, డబ్బు తిరిగి ఇవ్వలేదు, ఒక్క కుండ విడిగా దొరకడానికి రెండు నెలలు పట్టింది. చలికాలంలో, డిసెంబరు జనవరిల్లో, పని బాగా నెమ్మదిస్తుంది, మూడు నెలలది నాలుగవుతుంది. మట్టి కుండకి చెమట పడుతుంది కాబట్టి గోడకి ఆనించి పెడితే గోడ చెమ్మెక్కుతుంది, అద్దె ఇళ్ళవాళ్ళు నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి.

ఎరువు మాత్రం మాటల్లో చెప్పలేను. పోయిన వేసవిలో అమ్మ జల్లెడ పట్టింది. కొంగు నడుముకి దోపి, పిడికెడు తీసి వాసన చూసి, “తొలకరి పడ్డ చేను వాసనే! ఇంత బుడ్డి కుండలో పెంటపోగు పెట్టావే నువ్వు” అంది. ఆ వాసన మట్టిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, అది వచ్చిందంటే ఎరువు పండినట్టే. ఊరికి పోయేటప్పుడు ఐదు కిలోలు సంచిలో కట్టుకుని రైలెక్కింది, మల్లె పాదులకని. వేరే ఊళ్ళో మొక్కలకి నా వంటింటి తొక్కలు చేరాయని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది.

కొనాలనుకునేవాళ్ళు జనవరిలో కొనండి. కానుగ ఆకు రాలేది ఆ తర్వాతే, వానలు వచ్చేలోపు చెయ్యి తిరుగుతుంది. తాడు మాత్రం ఇంటికి తెచ్చిన రోజే మార్చెయ్యండి.