తొమ్మిదేళ్లు పాఠం చెప్పాక సిఐటిఎస్ చేశాను, ఎలా ఉందంటే

"అన్నా, సిఐటిఎస్ చేయమంటావా, ఏడాది వేస్ట్ అవుతుందా?" అని ఈ మధ్య నలుగురైదుగురు ఫోన్ చేశారు. అందరూ ఐటిఐల్లో పాఠాలు చెప్పేవాళ్లే. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. నేను ఫిట్టర్ (ఇనుప ముక్కల్ని కోసి, అరగదీసి, అమర్చే పని) ఇన్‌స్ట్రక్టర్‌ని. మెకానికల్ డిప్లొమా అయ్యాక రెండేళ్లు ఒక ఫ్యాక్టరీలో, ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు ఐటిఐలో. నిరుడే ఈ కోర్సు పూర్తి చేశాను. ఎక్కడ చేశానో పేరు రాయను, మంచితో పాటు నచ్చనివి కూడా రాస్తున్నా కదా, ఎందుకొచ్చిన గొడవ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సిఐటిఎస్ అంటే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్, ఐటిఐ సార్లకి బీఈడీ లాంటిది అనుకోండి. కేంద్ర ప్రభుత్వం కింద డిజిటి (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్) నడుపుతుంది, ఎక్కువగా ఎన్‌ఎస్‌టిఐల్లో, అంటే నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లలో ఉంటుంది. మన హైదరాబాద్‌లో విద్యానగర్, రామంతాపూర్‌లలో ఉన్నవి ఆ ఎన్‌ఎస్‌టిఐలే, పాతవాళ్లు ఇప్పటికీ పాత పేరుతో ఏటిఐ అనే అంటారు. పాస్ అయితే ఎన్‌సిఐసి (నేషనల్ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్) ఇస్తారు. ఐటిఐ సిలబస్ పుస్తకాల్లోనే స్పష్టంగా రాసి ఉంటుంది: ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉండే చోట ఒకరికి డిగ్రీయో డిప్లొమానో ఉండాలి, రెండోవాళ్లకి ఐటిఐ లేదా అప్రెంటిస్ సర్టిఫికెట్ ఉండాలి, ఇద్దరికీ మాత్రం ఎన్‌సిఐసి ఉండి తీరాలి. రాతలో అలా ఉంది, మా దగ్గర తొమ్మిదేళ్లు అది లేకుండానే నడిచిపోయింది. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌లో అడిగేసరికి మేనేజ్‌మెంట్ వాళ్లకి టెన్షన్ పట్టుకుని, "నువ్వు వెళ్లి చేసుకుని రా" అన్నారు. జీతం ఇవ్వకుండానే లెండి. కాబట్టి నిజం చెప్పాలంటే నేను వెళ్లింది కాగితం కోసం. పనిలో కొత్తగా నేర్చుకునేది ఏముంటుందిలే అనే పొగరు కూడా కొంచెం ఉంది.

కోర్సు మొత్తం 1200 గంటలు. ట్రేడ్ (అంటే నాకైతే ఫిట్టర్ పని) ప్రాక్టికల్ 480, ట్రేడ్ థియరీ 270, మిగిలిన 450 గంటలు ట్రైనింగ్ మెథడాలజీ, అంటే పాఠం ఎలా చెప్పాలి అన్నది. అడ్మిషన్ తీసుకున్న రోజు ఆ 450 చూసి నవ్వుకున్నాను. ఆఖరికి ఏడాది మొత్తంలో పైసా వసూల్ అయింది ఆ 450 గంటల్లోనే.

ఎలాగో చెప్తాను. రెండో నెలలో నా మొదటి డెమో. టాపిక్ హాక్సాతో (ఇనుము కోసే రంపం) కోయడం. ఇదా నాకు ఇచ్చేది అనుకుంటూ వెళ్లి, వైస్‌లో (ముక్క కదలకుండా పట్టి ఉంచే బిగింపు) ముక్క బిగించి నాలుగు నిమిషాల్లో రెండు ముక్కలు చేసి చూపించి "అంతే, ఇప్పుడు మీరు చేయండి" అన్నాను. వెనకాల కూర్చున్న సార్ లేచి క్లాసుని అడిగారు, బ్లేడు పళ్లు ఎటు తిరిగి ఉండాలో ఈయన చెప్పారా అని. లేదు. ముందుకు తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు చెయ్యి తేలిక చేయాలి అని చెప్పారా? లేదు. పల్చటి రేకుకి సన్నపళ్ల బ్లేడు ఎందుకు వాడతామో? అదీ లేదు. కోత మొదలుపెట్టే చోట ఆకురాయితో చిన్న గాటు పెడితే బ్లేడు జారదు కదా, ఆ గాటు నేను పెట్టాను, పెట్టానని నాకే తెలియదు! చెయ్యి దానంతట అదే పెట్టేసింది. బ్యాచ్‌లో అందరూ ఫిట్టర్లే కాబట్టి వాళ్లకి ఇవన్నీ తెలుసు, కానీ ఐటిఐలో నా ఎదురుగా ఉండేది పదో తరగతి పాసై జూన్‌లో వచ్చిన పిల్లాడు, వాడికి ఏం అర్థమవుతుంది? తొమ్మిదేళ్లు నేను "ఇలా చేయరా" అన్న ఒక్క మాటతో నెట్టుకొచ్చానని ఆ రోజు తెలిసింది. నా పక్కన ఉండే ఒడిశా కుర్రాడు హిందీలో ఇంకో పోటు పొడిచాడు: "భయ్యా, నువ్వు పాఠం వైస్‌కి చెప్పావు, మాకు చెప్పలేదు" అని.

అప్పటి నుంచి జాబ్ బ్రేక్‌డౌన్ అని ఒక పని చేయించేవారు. ఏ పనైనా సరే కాగితం మీద విడగొట్టాలి. ఎడమవైపు చేసే మెట్లు, కుడివైపు ఒక్కో మెట్టులో పిల్లలు తప్పు చేసే చోట్లు, పక్కన చేతికి దెబ్బ తగిలే అవకాశం ఎక్కడో. ఫైలింగ్ (ఆకురాయితో అరగదీయడం) ఒక్కదానికే నాకు పంతొమ్మిది పాయింట్లు వచ్చాయి. వైస్ ఎత్తు మోచేతికి సరిగ్గా ఉండాలి, ఎడమ కాలు ముందుకు, బరువు భుజాల మీద కాదు నడుము నుంచి రావాలి, ఇలా. రాస్తూ పోతుంటే నా పాత స్టూడెంట్స్ గుర్తొచ్చారు, ఎంత రుద్దినా వాళ్ల ముక్క మధ్యలో ఎత్తుగా ఉండి అంచులు అరిగిపోయేవి. "నీకు చెయ్యి తిరగలేదు" అని తిట్టేవాణ్ణి. వాళ్లలో సగం మందికి వైస్ ఎత్తే సరిపోలేదేమో. పొట్టి పిల్లలకి కాళ్ల కింద చెక్క పలక వేయాలనే ఇంగితం తొమ్మిదేళ్లలో నాకు రాలేదు.

ఇంకో చిన్న విషయం, వినడానికి సిల్లీగా ఉంటుంది. డెమో చూపించేటప్పుడు పిల్లల్ని ఎదురుగా నిలబెడితే వాళ్లకి మన చేతులు అద్దంలో లాగా తారుమారుగా కనిపిస్తాయి. పక్కన, లేదా కొంచెం వెనకగా నిలబెట్టాలి. ఎడమచేతి వాటం పిల్లలకైతే ఎదురుగా నిలబెట్టడమే మేలు. ఇది ఎవరూ నాకు ముందు చెప్పలేదు, అంతకుముందు నాకు పాఠం చెప్పిన సార్లకి కూడా తెలియదనుకుంటా.

వెర్నియర్ (చాలా చిన్న కొలతలు తీసే, జారే స్కేలున్న పరికరం) గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ప్రతి బ్యాచ్‌లో పిల్లలు చిక్కుకునేది ఇక్కడే. మనం ఏం చేస్తాం, బోర్డు మీద లీస్ట్ కౌంట్ (దాంతో కొలవగలిగే అతి చిన్న కొలత) ఫార్ములా రాసి, మెయిన్ స్కేలు మీద 49 మిల్లీమీటర్లని వెర్నియర్ మీద 50 భాగాలు చేశారు కాబట్టి 0.02 మిల్లీమీటరు అని బట్టీ పట్టిస్తాం. ప్రాక్టీస్ టీచింగ్‌లో నాకు ఈ టాపిక్ వస్తే కేరళ నుంచి వచ్చిన ఒక మేడం సలహా ఇచ్చారు, అట్టతో పెద్ద స్కేలు చేయమని. మెయిన్ స్కేలు మీద సెంటీమీటరుకో గీత, జారే అట్ట మీద 9 సెంటీమీటర్లని 10 భాగాలు. అప్పుడు లీస్ట్ కౌంట్ ఒక మిల్లీమీటరు అవుతుంది, దూరం నుంచి కూడా ఏ గీత ఏ గీతతో కలిసిందో కంటికి కనిపిస్తుంది. చదివిన రీడింగ్ కరెక్టో కాదో మామూలు స్కేలు పెట్టి పిల్లాడే చూసుకోవచ్చు. ఇప్పుడు మా వర్క్‌షాపులో అలాంటివి ఆరు ఉన్నాయి, పిల్లలే చేశారు. గత బ్యాచ్‌లకి వారం పట్టేది, ఈ బ్యాచ్‌కి రెండు పూటల్లో అయిపోయింది.

సరే, ఇక నచ్చనివి.

లెసన్ ప్లాన్ రికార్డులు. దేవుడా. పాఠానికి నాలుగు మెట్లు అంటారు: ప్రిపరేషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్, టెస్ట్. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఓడలు కట్టే యార్డుల్లోకి కొత్తవాళ్లని తొందరగా తయారు చేయడానికి చార్లెస్ అలెన్ అనే ఆయన వాడిన పద్ధతి ఇది. పద్ధతిలో తప్పేం లేదు, చేతిపనికి ఇప్పటికీ బాగా సరిపోతుంది. కానీ దాన్ని పట్టుకుని సేఫ్టీ క్లాసుకీ అదే, డ్రాయింగ్‌కీ అదే, ఎర్ర పెన్నుతో హెడ్డింగ్, స్కేలుతో మార్జిన్, నెలాఖరుకి ఇన్ని ప్లాన్లు లెక్క. చివరికి హాస్టల్లో ఏమైందంటే ఒకరి రికార్డు ఇంకొకరు ఎక్కించేసుకోవడం. నేనూ ఎక్కించాను, అబద్ధం ఎందుకు. పది ప్లాన్లు బుర్ర పెట్టి రాయించి ఉంటే చాలు, మిగిలిన టైం ఇంకో నాలుగు డెమోలకి వచ్చేది.

భాష ఇంకో తలనొప్పి. దేశమంతటి నుంచీ వస్తారు కాబట్టి క్లాసు ఇంగ్లీషు, హిందీ కలిపి నడుస్తుంది, అది న్యాయమే. కానీ ప్రాక్టీస్ టీచింగ్ కూడా వాటిలోనే చేయాలి. నేను తిరిగి వెళ్లి చెప్పేది నల్గొండ వైపు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకి. వాళ్లకి "టాలరెన్స్" (కొలతలో ఎంత తేడా ఉన్నా పర్వాలేదు అన్నది) అనే మాటని తెలుగులో ఎలా విప్పి చెప్పాలి, ఆకురాయి అనాలా ఫైల్ అనాలా, పరీక్షలో ఏ మాట వస్తుంది, ఈ తంటాలు ఎవరివి వాళ్లే పడాలి. ఐటిఐ పుస్తకాలు వేసే సంస్థ, చెన్నైలోని నిమి వాళ్ల పుస్తకాలు, భారత్ స్కిల్స్ సైటులో క్వశ్చన్ బ్యాంకులు పనికొస్తాయి, కానీ అవి పిల్లల కోసం. సార్ సొంత భాషలో ఎలా చెప్పాలో ఎవరు నేర్పుతారు? తెలుగువాళ్లం అయిదుగురం ఉన్నాం, రాత్రిళ్లు రూములో తెలుగులో డెమోలు ఇచ్చుకునేవాళ్లం. సగం నవ్వులాటే, కానీ నాకు పనికొచ్చిన ప్రాక్టీస్ అదే.

మెషీన్ల సంగతి. సిఎన్‌సి (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషీన్) మీద చేయి పెట్టడానికి నాకు దొరికిన టైం చాలా తక్కువ. గుంపులు గుంపులుగా ఒక మెషీన్ చుట్టూ నిలబడి, ఒకరు బటన్ నొక్కితే మిగతావాళ్లం చూశాం. ప్రోగ్రామింగ్ ఎక్కువగా కంప్యూటర్ మీద సిమ్యులేటర్‌లోనే. ఫ్యాక్టరీలో పని చేసి వచ్చినవాళ్లకి ఇబ్బంది లేదు, కానీ చదువు అవ్వగానే నేరుగా వచ్చిన కుర్రాళ్లు సిఎన్‌సి నేర్చుకున్నాం అని చెప్పుకోవడం మాత్రం కష్టం. ఇది చిన్న విషయం కాదు ఎందుకంటే తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటిఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు, 2324 కోట్ల ప్రాజెక్టు, 2024లో మల్లేపల్లి ఐటిఐలో శంకుస్థాపన చేశారు. కొత్త మెషీన్లు వచ్చాక వాటి ముందు నిలబడి పాఠం చెప్పాల్సింది మనమే కదా. కేంద్రం కూడా 2025 మేలో 60 వేల కోట్లతో 1000 ఐటిఐల స్కీమ్ ఒప్పుకుంది, అందులో 50 వేల మంది ట్రైనర్లకి శిక్షణ ఇస్తామని, అయిదు ఎన్‌ఎస్‌టిఐలని పెంచుతామని ఉంది. ఆ అయిదులో హైదరాబాద్ కూడా ఉంది, మిగతావి చెన్నై, భువనేశ్వర్, కాన్పూర్, లూథియానా. మెషీన్లు పెరిగితే ఈ పేరాలో నేను రాసిన కంప్లయింట్ పాతబడిపోతుంది, పాతబడాలనే కోరుకుంటున్నా.

అసలు సిలబస్‌లో లేనిది ఇంకొకటి ఉంది. పిల్లలు రావడం మానేస్తే ఏం చేయాలి? ఫిట్టర్ రెండేళ్ల కోర్సు, యూనిట్‌కి (అంటే ఒక బ్యాచ్‌కి) 20 మంది, మా దగ్గర రెండో ఏడాదికి వచ్చేసరికి నైట్ డ్యూటీకి వెళ్లి పొద్దున క్లాసులో నిద్రపోయేవాళ్లు నలుగురు, ఇంట్లో అప్పుల వల్ల మధ్యలోనే పనికి వెళ్లిపోయేవాళ్లు ఒకరిద్దరు. సైకాలజీ అని కొన్ని క్లాసులు చెప్పారు, మోటివేషన్ థియరీలు, బొమ్మలు, త్రికోణాలు. నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి తిట్టాలా, వెనక బెంచీ మీద అరగంట పడుకోనివ్వాలా అన్నదానికి అందులో సమాధానం దొరకలేదు. (నేను పడుకోనిస్తాను. ఆ తర్వాత లేత్ మెషీన్ దగ్గరికి మాత్రం మొహం కడుక్కుంటేనే రానిస్తాను.)

తిరిగి వచ్చాక ఏమైంది అంటారా. మా మేనేజ్‌మెంట్ వాళ్లు సర్టిఫికెట్ రెండు జిరాక్సులు తీసి ఇన్‌స్పెక్షన్ ఫైలులో పెట్టుకున్నారు. జీతం పెరగలేదు. జూన్‌లో ఎప్పట్లాగే అడ్మిషన్ల కోసం ఊళ్లమ్మట తిరగమన్నారు. ఏడాది జీతం పోయింది, ఇంట్లో మా ఆవిడ కుట్టుపనితో లాక్కొచ్చింది, ఆ బాకీ నేను ఇంకా తీర్చుకోవాలి. ప్రభుత్వ పోస్టులకి అప్లై చేసేటప్పుడు మాత్రం ఈ కాగితం పక్కాగా ఉపయోగపడుతుంది, అందులో అనుమానం లేదు.

రేటింగ్ అడిగితే ట్రైనింగ్ మెథడాలజీకి 5కి నాలుగున్నర, ట్రేడ్ ప్రాక్టికల్‌కి మూడు, రికార్డులకి సున్నా పెడదామనుకున్నా కానీ జాబ్ బ్రేక్‌డౌన్ అందులోనే ఉంది కాబట్టి ఒకటి. డిప్లొమా అవ్వగానే నేరుగా వెళ్లే తమ్ముళ్లకి నా మాట, వీలైతే ముందు రెండేళ్లు ఎక్కడైనా పాఠం చెప్పి వెళ్లండి, అప్పుడు అక్కడ చెప్పే ప్రతిదానికీ మీకు ఒక పిల్లాడి మొహం గుర్తొస్తుంది. చాలా ఏళ్లుగా పని చేస్తూ ఇల్లు వదిలి రాలేనివాళ్లు ఆర్‌పిఎల్ (ఉన్న అనుభవాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి) దారిలో ఎన్‌సిఐసి తెచ్చుకోవచ్చు, కాగితం వస్తుంది, కానీ ఆ ఒడిశా కుర్రాడి లాంటివాడు మీ ముందు కూర్చోడు.

వెళ్లేవాళ్లు సొంత వెర్నియర్, సొంత ట్రై స్క్వేర్ (మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో చూసే పరికరం) పట్టుకెళ్లండి, స్టోర్స్‌లో మంచివి దొరికేలోపు సగం పీరియడ్ అయిపోతుంది. హిందీ కాస్త వచ్చి ఉంటే మెస్సులో కూడా పని జరుగుతుంది. మొదటి డెమోకి హాక్సా టాపిక్ వస్తే, గాటు పెట్టడం మర్చిపోకుండా నోటితో చెప్పండి.