ఏ మెషీన్ మీద ఎంత తొండి: నా ఏడు నెలల కార్డియో లెక్క

జిమ్‌లో చేరిన మొదటి రోజు ట్రైనర్ అబ్బాయి "బరువులు అయ్యాక ఇరవై నిమిషాలు కార్డియో చెయ్యండి మేడమ్" అని చేత్తో అటువైపు చూపించి వెళ్ళిపోయాడు. అటువైపు అంటే గోడ పొడవునా వరసగా మెషీన్లు. ట్రెడ్‌మిల్లులు, నిలబడి పెడళ్ళను గుండ్రంగా తిప్పే ఎలిప్టికల్స్, మూడు రకాల సైకిళ్ళు, కదిలే మెట్లు, మూలన రెండు రోయింగ్ మెషీన్లు. ఏది ఎక్కాలని వెనకాలే వెళ్ళి అడిగితే "ఏదైనా ఒకటే మేడమ్" అన్నాడు.

ఒకటే కాదు. అది తేల్చుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

నా సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ తీర్పంతా దాని మీదే ఆధారపడి ఉంది. వయసు 47. చేరినప్పుడు 68 కిలోలు. కుడి మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు కలుక్కుమంటుంది. ఉద్యోగం ఇతరుల పద్దుల్లో తప్పులు పట్టడం. పొద్దస్తమానం అదే పని కావడంతో తెర మీద అంకె కనబడగానే నమ్మే అలవాటు పోయింది. ఎవరు రాశారు, దేన్ని బట్టి రాశారు, ఏం కలిపారు అని అడగందే ముందుకు కదలను.

కాబట్టి పోలిక కూడా నా పద్ధతిలోనే పెట్టుకున్నాను. ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి ఉంది, గుండె కొట్టుకునే వేగం చెబుతుంది. ప్రతి మెషీన్ మీదా నిమిషానికి 125 దగ్గర ఇరవై నిమిషాలు ఉండాలి. 220లోంచి వయసు తీసేసే పాత సూత్రం ప్రకారం నా గరిష్ఠం 173, 208లోంచి వయసులో 0.7 వంతు తీసేసే మరో సూత్రం ప్రకారం 175. నేను పెట్టుకున్న 125 ఎలా చూసినా అందులో 70 శాతం పైచిలుకు. రెండూ సగటు లెక్కలే, మనిషికీ మనిషికీ పది పైనే తేడా ఉంటుంది. అందుకని ఇంకో పరీక్ష కూడా జోడించాను: పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మెషీన్ పిడికి ఉండే రేకు ముక్కలు పట్టుకుంటే వచ్చే నాడి అంకెను లెక్కలోకి తీసుకోలేదు. చేతులు కదులుతుంటే అది ఒకసారి 96 అంటుంది, మరుక్షణం 158 అంటుంది.

మొదటి వారంలోనే తేడా బయటపడింది. అదే గుండె వేగం, అదే ఇరవై నిమిషాలు. ట్రెడ్‌మిల్ 118 కేలరీలు అంది. ఎలిప్టికల్ 214 అంది. ఒకే ఒంట్లోంచి ఒకే శ్రమకు దాదాపు రెట్టింపు ఎలా వస్తుంది? చూస్తే ట్రెడ్‌మిల్ మొదలుపెట్టేముందు నా బరువు అడిగింది. మా ఎలిప్టికల్ ఏమీ అడగలేదు, ఎవరో బరువైన మనిషిని ఊహించుకుని ఉదారంగా రాసేసింది. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. ఊరికే కుర్చీలో కూర్చున్నా కిలోకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. అంటే నా ఇరవై నిమిషాల్లో 23 కేలరీలు ఎలాగూ పోయేవే. వాటిని కూడా సాధారణంగా తన ఖాతాలోనే వేసుకుంటుంది మెషీన్.

అప్పటినుంచి కేలరీల అంకె చూడటం తగ్గించి మరో సంగతి గమనించడం మొదలుపెట్టాను. దాదాపు ప్రతి మెషీన్‌కీ తొండి చెయ్యడానికి ఒక దొడ్డిదారి ఉంటుంది. మన శ్రమ తగ్గిపోతుంది, తెర మీద అంకె మాత్రం తగ్గదు. ఆ దారి ఎంత వెడల్పో చూస్తే చాలు, మెషీన్ గుణం తెలిసిపోతుంది.

ఎలిప్టికల్‌ది సింహద్వారమే. పాదం పెడల్ మీంచి లేవదు కాబట్టి కీళ్ళకు దెబ్బ ఉండదు, అది నిజంగా మంచి గుణం. 1995లో ప్రీకోర్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చినప్పుడు అందరూ ఎగబడింది కూడా దానికే. కానీ లోపల బరువైన చక్రం ఒకటి తిరుగుతుంటుంది. రెసిస్టెన్స్, అంటే పెడల్ బిగువు, రెండు మూడు మీద పెట్టి ఒకసారి ఊపందుకుంటే, ఆ తర్వాత కాళ్ళను మనం తిప్పుతున్నామో, అదే మన కాళ్ళను తిప్పుతోందో తెలీదు. నా పక్కనావిడ నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడుతూ తిప్పుతుంది, జుట్టు కూడా చెదరదు. రెసిస్టెన్స్ తొమ్మిది దాటిస్తే అది బాగానే పని చేయించింది, కాదనను. నాకు ఇంకో ఇబ్బంది వచ్చింది: పన్నెండో నిమిషానికల్లా ఎడమ పాదం వేళ్ళు తిమ్మిరెక్కేవి. పాదం ఎత్తకుండా ఒకేచోట ఒత్తుతూ ఉండటం వల్ల అది చాలామందికి ఉండేదేనట. అడుగు పొడవు కూడా మా మెషీన్లలో మార్చడానికి లేదు. నేను పొట్టి. అది పెట్టిన అంగ నాది కాదు.

కదిలే మెట్ల గురించి ఎక్కువ చెప్పను, నేను ఎక్కిందే నాలుగుసార్లు. తక్కువ సమయంలో గుండెను పరుగెత్తించడంలో దానికి సాటి లేదు. దాని మీద జనం చేసే తొండి దూరం నుంచే కనబడుతుంది: రెండు చేతులూ రెయిలింగ్ మీద ఆనించి, ఒంటి బరువంతా మోచేతుల మీద వేసి, కాళ్ళు ఊరికే తాకిస్తూ ఉంటారు. చేతులు వదిలితే నాకు ఆరో నిమిషంలో తొడలు వణికాయి. ఆపేశాను.

ఫ్యాన్ సైకిల్ సంగతీ అంతే. ముందు పెద్ద ఫ్యాన్, చేతులతో తోసే పిడులు. ఎంత గట్టిగా తొక్కితే గాలి అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది, మీట నొక్కి తేలిక చేసుకుందామంటే మీటే లేదు. తొండి కుదరదు, నిజమే. కానీ అది ఇరవై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కి, నిమిషం ఆగి రొప్పేవాళ్ళకు. నాకు కావలసింది నింపాదిగా ఇరవై నిమిషాలు.

స్పిన్ బైక్ ఎక్కేవాళ్ళకు మాత్రం రెండు ముక్కలు. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి కిందికి చాపితే మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు కావలసినంత వంపు దానంతటదే ఉంటుంది. సీటు మరీ కిందికుంటే మోకాలి చిప్ప దగ్గర నొప్పి ఖాయం, నేను పదిరోజులు పడ్డాను. రెండోది, మామూలు సైకిల్‌లాగా కాళ్ళు ఆపేస్తే దాని పెడల్ ఆగదు. చక్రంతో పాటే తిరుగుతుంది, పిక్కకు తగులుతుంది. ఆపాలంటే నాబ్ కిందికి నొక్కాలి.

వెనక్కి ఆనుకుని తొక్కే సైకిల్ మాత్రం ఒక పెద్దాయన సొంత ఆస్తి. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. రోజూ అదే సీటు, రెసిస్టెన్స్ రెండు, అరగంట. నేను ప్రతి వారం ఒక మెషీన్ మారుతుంటే చూసి "ఏమ్మా, ఇవాళ దీని వంతా?" అనేవారు. రెండు మీద తొక్కితే ఏం వస్తుందండీ అని ఒకసారి అడిగాను. "చెమట కోసం రాలేదమ్మా నేను. కాళ్ళు తుప్పు పట్టకుండా వస్తున్నా" అన్నారు. ఆయన లెక్క ఆయనది, అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

ఇక ట్రెడ్‌మిల్. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు దీని ముత్తాతను ఖైదీలకు పని కల్పించడం కోసం తయారుచేశాడు. కొన్ని జైళ్ళలో దానితో పిండి ఆడించారు, కొన్నిచోట్ల ఊరికే గాలిని తిప్పించారు. ఇప్పుడు సాయంత్రమైతే దాని కోసమే వరస కడుతున్నాం.

నేను మొదట్లో దీన్ని చిన్నచూపు చూశాను. నడకే కదా, బయట నడవచ్చు అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి కూర్చుని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ళ నడక సూత్రం కాగితం మీద వేశాను. నిమిషానికి ఎన్ని మీటర్లు నడుస్తామో దాన్ని 0.1తో గుణించాలి. దానికి వేగం, ఇంక్లైన్ అంటే బెల్టు ఏటవాలు శాతం (10 శాతమైతే 0.1), 1.8 మూడింటి లబ్ధం కలపాలి. ఆపైన 3.5 కలపాలి. ఊరికే కూర్చున్నప్పుడు కిలో ఒంటికి నిమిషానికి అయ్యే ఆక్సిజన్ ఖర్చు ఆ 3.5 మిల్లీలీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదునుగా నడిస్తే 11.8 వచ్చింది, అంటే కూర్చున్నదానికి 3.4 రెట్లు. అదే వేగానికి ఇంక్లైన్ 10 శాతం పెడితే 26.8, అంటే 7.7 రెట్లు. రెండింతలకు పైనే! 12 శాతం పెడితే 29.8. గంటకు 8 కిలోమీటర్ల చొప్పున చదునుగా పరుగెత్తేవాళ్ళకు వాళ్ళ పరుగు సూత్రం ప్రకారం వచ్చేది 30.2. పరుగులో ఒక్కో అడుగుకు నేల నుంచి ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ తిరిగి వస్తుంది, నడకలో దాదాపు మన బరువంతే. పరుగెత్తే ఖర్చు, నడిచే దెబ్బ. పైగా నా మోకాలి గొడవంతా దిగడంతోనే. ఇది ఎక్కడమే గానీ దిగడం లేని కొండ.

దీని దొడ్డిదారి ముందరి కడ్డీ. 12 శాతం పెట్టి కడ్డీ పట్టుకుని వెనక్కి వాలి నడిచేవాళ్ళను చూడండి, ఒళ్ళు బెల్టుకు నిటారుగా ఉంటుంది. కొండ వాలింది, మనిషీ దానితోపాటే వాలాడు, మిగిలింది చదును నడకే. తెర మాత్రం 12 శాతానికి బిల్లు వేస్తూనే ఉంటుంది. నేను ఒకసారి పట్టుకుని, ఒకసారి వదిలి ఛాతీ పట్టీతో చూశాను. అదే వేగం, అదే ఇంక్లైన్, గుండె వేగంలో నిమిషానికి 17 తేడా. చేతులు వదిలి నడవలేకపోతే ఇంక్లైన్ తగ్గించుకోవడమే మర్యాద.

ఇంక్లైన్ మొదలుపెట్టిన వారంలోనే 10 పెట్టేసి రెండో రోజుకు పిక్కలు పట్టేశాయి, మడమ వెనక నరం లాగింది. 3 నుంచి మొదలుపెట్టి వారానికి ఒకటి పెంచుంటే ఆ బాధ ఉండేది కాదు. ఇంకో సంగతి, బట్టకు తగిలించుకునే ఎర్ర క్లిప్పు. దాని తాడు రెండో కొస మెషీన్‌కి ఉంటుంది, అది ఊడితే బెల్టు ఆగిపోతుంది. ఎవరూ పెట్టుకోరు, నేనూ ఊరికే అలవాటు కొద్దీ పెట్టుకునేదాన్ని. మూడో నెలలో ఒకరోజు మెడ మీది తువాలు జారి బెల్టు మీద పడింది. వంగి చూశాను, అంతే. బెల్టు తువాల్ని వెనక్కి లాక్కుపోయింది, నా అడుగు దాని అంచు మీద పడింది, ఒళ్ళు వెనక్కి జారింది. తాడు లాగుకుని మెషీన్ వైపు కొస ఊడింది, బెల్టు ఆగింది. అరచెయ్యి కాస్త గీరుకుంది, అంతటితో పోయింది. తువాలు ఇప్పుడు బాటిల్ పక్కన పెడతాను.

రోయింగ్ మెషీన్ దగ్గరకు నాలుగో నెలలో గానీ వెళ్ళలేదు, ఎలా కూర్చోవాలో తెలీక. మా జిమ్‌లో ఉన్నవి కాన్సెప్ట్ టూ వాళ్ళవి. అమెరికాలోని వెర్మాంట్‌లో ఇద్దరు అన్నదమ్ములు పడవ తెడ్లు చేస్తూ 1981లో మొదటి మోడల్ తెచ్చారు. కూర్చున్న సీటు పట్టాల మీద జారుతుంది, పిడిని గొలుసు పట్టుకుని ఉంటుంది, లాగితే ముందున్న చక్రం ఈల వేసినట్టు తిరుగుతుంది.

చూసేవాళ్ళకు అది చేతుల పని. నేనూ చేతులతోనే లాగి మూడు రోజులు నడుము పట్టుకుని తిరిగాను. అసలు పని కాళ్ళది. ముందు కాళ్ళతో తన్నాలి, తర్వాత నడుము కాస్త వెనక్కి, ఆఖర్న చేతులు. వెనక్కి వచ్చేటప్పుడు వరస తిరగబడాలి: చేతులు, నడుము, కాళ్ళు. చేతులు మోకాళ్ళు దాటాకే మోకాళ్ళు మడవాలి, లేదంటే పిడి మోకాలికి తగులుతుంది. లాగడం ఒక లెక్క అయితే రావడం రెండు లెక్కలు, అంత తీరిగ్గా రావాలి.

చక్రం పక్కన 1 నుంచి 10 దాకా మీట ఉంటుంది. కొత్తవాళ్ళంతా 10కి తోసి కూర్చుంటారు, ఎక్కువ కష్టమంటే ఎక్కువ లాభమని. అది కష్టం మీట కాదు, లోపలికి గాలి ఎంత రానివ్వాలో చెప్పేది, సైకిల్ గేరు లాంటిది. పోటీలకు తయారయ్యేవాళ్ళే 3 నుంచి 5 మధ్య పెట్టుకుంటారు. నాది 4.

దీని మీద దొడ్డిదారి కోసం నేను నిజాయితీగా వెతికాను. గబగబా పొట్టి పొట్టిగా లాగి చూశాను. తెర మీద 500 మీటర్లకు పట్టే సమయం వెంటనే పెరిగింది, పట్టుబడ్డాను. కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 500 మీటర్లు రెండున్నర నిమిషాల్లో లాగాలంటే 104 వాట్లు చాలు. రెండు నిమిషాల్లో అంటే 203 వాట్లు. అరనిమిషం తగ్గించుకోవడానికి రెట్టింపు మనిషిని కావాలి! నేను మొదలుపెట్టింది 2 నిమిషాల 50 సెకన్ల దగ్గర, అంటే 71 వాట్లు. ఇప్పుడు 2:40 దగ్గర ఉన్నాను, 85 వాట్లు. నాలుగు నెలలకు పద్నాలుగు వాట్లు.

ఇంత నికార్సయిన మెషీన్ కూడా కేలరీల దగ్గర కొంచెం కలుపుతుంది. లాగిన శక్తికి వేసిన లెక్క మీద గంటకు 300 కేలరీలు ముందే చేరుస్తుంది, అది సుమారు 79 కిలోల మనిషికి సరిపోయే అంకె. వాట్ల గడిలో మాత్రం ఏ కలుపూ లేదు. ఆ గడే చూస్తాను.

దీని లోపాలు లేకపోలేదు. అరచేతుల్లో కాయలు కాస్తాయి. పక్కవాళ్ళ మాట వినబడదు. పదిహేను నిమిషాలు దాటితే సీటు సంగతి కూర్చున్నచోట తెలుస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళు మొదటి నెల ఎవరైనా తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకుని నేర్చుకోండి.

ఇప్పుడు వారానికి మూడు రోజులు ఇంక్లైన్ నడక, ముప్ఫై ఐదు నిమిషాల చొప్పున. రెండు రోజులు రోయింగ్, మధ్యలో ఆగి ఆగి పాతికేసి నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాలు దాటి ఐదు మిగులుతున్నాయి. తిమ్మిరి లేదు. మోకాలు దిగేటప్పుడు ఇంకా గొణుగుతుంది, మునుపటంత కాదు.

నిన్న మొదటి ఇరవై నిమిషాలు 9 శాతం మీద, గంటకు 5 చొప్పున, చేతులు పూర్తిగా వదిలి నడిచాను. బరువు గడిలో 67 కొట్టాను. తెర 169 కేలరీలు అంది. ఇంటికొచ్చి కాగితం మీద వేస్తే 162 వచ్చింది. ఏడు కేలరీల తేడా. పోనీలే అని వదిలేశాను.