బానెట్ కింది చిన్న బ్యాటరీ: డెబ్బై వేల కిలోమీటర్ల తరువాత నా కరెంటు కారు

నా కారులో రెండు బ్యాటరీలు ఉన్నాయి. సీట్ల కింద పరుచుకుని ఉండే పెద్ద బ్యాటరీ గురించి అందరూ రాస్తారు, అందరూ అడుగుతారు. బానెట్ ఎత్తితే ఒక మూల కనిపించే 12 వోల్టుల చిన్న బ్యాటరీ గురించి కొనేటప్పుడు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని మీద నాకున్న కోపమే.

2022 జూన్‌లో, ఉద్యోగంలో చేరిన రెండో ఏట, ఈ కారు కొన్నాను. మా ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో, ఆఫీసు గూడూరులో. వెంకటాచలం టోల్‌ప్లాజా, మనుబోలు మీదుగా రానూపోనూ రోజుకు డెబ్బై అయిదు కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు; చిన్న బ్యాటరీ బెడద ఒక్క కంపెనీదే కాదని తరువాత తెలిసింది. మోటారు బలమెంత, తెర ఎంత పెద్దది అనేవి ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటినీ వదిలేస్తున్నాను. లైసెన్సు వచ్చి ఏడాది కూడా నిండని నాకు క్లచ్చి లేకపోవడమే మొదటి సంతోషం. డ్రైవింగ్ స్కూలు బండిలో రామలింగాపురం అండర్‌బ్రిడ్జి ఎక్కుడులో ఆగిపోయి వెనుక ఆటోల చేత తిట్లు తిన్న నేను, అదే ఎక్కుడును ఈ కారులో మొదటిసారి చడీచప్పుడు లేకుండా ఎక్కిన రోజున, పెట్రోలు కారే కొనమని నెలరోజులు పోరిన మా నాయన పక్క సీటులో కూర్చుని ఏమీ అనలేదు.

ఇక అసలు సంగతి. నిరుడు వేసవిలో, ఒక పెళ్ళికని ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా పామూరు దగ్గర ఉన్న మా అవ్వగారి ఊరికి వెళ్ళాను. తిరిగి రావడానికి అక్కడ ఛార్జి పెట్టుకోక తప్పదు. పాత ఇల్లు కావడంతో, కారుతో వచ్చిన ఛార్జరు ఎర్త్ సరిగా లేదని ఎర్రదీపం వెలిగించి మొరాయించింది. ఆ మెట్ట నేలలో ఎర్త్ గుంత ఎండి బీటలు వారి ఉంది. ఊరి ఎలక్ట్రీషియన్ వచ్చి అందులో రెండు బిందెల ఉప్పునీళ్ళు పోయించి, పావుగంట ఆగి మళ్ళీ పెట్టమంటే, దీపం పచ్చగా మారింది. తెల్లవారేసరికి తెర మీద నూటికి నూరు శాతం చూపించింది. అవ్వకు కూడా చూపించి గొప్పలు పోయాను.

నాలుగు రోజులు కారు వేపచెట్టు కిందే ఉంది. అయిదో రోజు తెల్లవారుజామున బయలుదేరుదామని తాళం బటను నొక్కితే తలుపులు తెరుచుకోలేదు. దీపాలు వెలగలేదు, హారను మోగలేదు. తాళం లోపల దాచి ఉంచే చిన్న ఇనుప చెవిని బయటికి లాగి డ్రైవరు తలుపు తెరిచాను. లోపల తెర నల్లగా ఉంది. బ్రేకు తొక్కి బటను ఎన్నిసార్లు నొక్కినా పలుకు లేదు. పార్కింగ్ బ్రేకు కూడా కరెంటుదే కావడంతో, నలుగురూ కలిసి నెట్టినా బండి అంగుళం కదలలేదు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, బండిని మొత్తంగా ఎక్కించుకునే లారీ కావాలనీ, అది వచ్చేసరికి సాయంత్రం అవుతుందనీ చెప్పారు. అవ్వ అరుగు మీద కూర్చుని అంతా చూసి, "పొట్ట నిండా తినిందంటివే, మరి లేవదేమే?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు తెలియదు. పెద్ద బ్యాటరీలో కరెంటు ఎంత ఉన్నా, దాన్ని మోటారుకు కలిపే కాంటాక్టర్లనే మీటలు కలుసుకుంటేనే అది బయటికి వస్తుంది. ఆ మీటలను కదిలించడానికీ, బండిలోని కంప్యూటర్లను నిద్ర లేపడానికీ 12 వోల్టుల చిన్న బ్యాటరీయే కావాలి. మీటలు కలుసుకున్న తరువాతనే పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని నింపడం మొదలుపెడుతుంది. అంటే గాదె నిండా ధాన్యం ఉంది, గాదె తాళంచెవి మాత్రం గాదెలోనే ఉండిపోయింది.

పక్కింటి మామకు ట్రాక్టరు ఉంది. దాని బ్యాటరీ కూడా 12 వోల్టులదే. ఆయన ట్రాక్టరును కారు ముక్కు దాకా తెచ్చి ఆపి, మందపాటి కేబుళ్ళు పట్టుకుని బానెట్‌లోకి తొంగి చూసి, "కరెంటు బండికి మళ్ళీ ఈ బ్యాటరీ దేనికి పాపా?" అని నవ్వాడు. ఎర్ర కేబులును ప్లస్‌కు తగిలించి, నల్లదాన్ని బ్యాటరీకి దూరంగా బండి ఇనుముకు బిగించాడు. రెండు నిమిషాలు ఆగి బ్రేకు తొక్కి బటను నొక్కాను. టక్కుమని కింద ఎక్కడో చప్పుడైంది, తెర వెలిగింది, పచ్చ అక్షరాలతో రెడీ అని వచ్చింది. దాని పక్కనే 99 శాతం. ఆ అంకెను చూసి ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను. నెల్లూరు చేరేదాకా బండి ఆఫ్ చేయలేదు. ఆత్మకూరులో కొబ్బరిబొండాం కూడా సీటులో కూర్చునే తాగాను.

పెట్రోలు బండిలో బ్యాటరీ నీరసిస్తే పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడే మూలుగు వినిపిస్తుంది. ఆ మూలుగు విని మా నాయన వారం ముందే బ్యాటరీ మార్పించేవాడు. ఈ కారులో సెల్ఫ్ మోటారే లేదు. కంప్యూటర్లను లేపడానికి కావలసింది కొంచెం కరెంటే కనుక, చిన్న బ్యాటరీ చివరి ఊపిరి దాకా ఆరోగ్యంగానే కనిపించి ఒక్కసారిగా పడిపోతుంది. పెద్ద బ్యాటరీని ఒక్కొక్క శాతం లెక్కగట్టి చూపించే అంత పెద్ద తెరలో, చిన్నదాని వోల్టేజి చూపించే చిన్న గీత కూడా లేదు. నా కోపమంతా దాని మీదే.

సర్వీసు సెంటరులో, అది అరిగిపోయే వస్తువు కనుక వారంటీ వర్తించదన్నారు. పెద్ద బ్యాటరీకి మాత్రం 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. కొత్త చిన్న బ్యాటరీకి ఆరు వేల చిల్లర అయింది. నేను బయటి అంగడిలో బిగించుకున్న డ్యాష్ కెమెరా, బండి ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డు చేస్తూ ఉండడం వల్ల ఆ నాలుగు రోజుల్లో బ్యాటరీ ఖాళీ అయి ఉండవచ్చని అక్కడి కుర్రవాడు అన్నాడు. అది నిజమే కావచ్చు. అంటే తప్పు కొంత నాదే. ఇప్పుడు ఆ కెమెరా బండితో పాటే ఆగిపోయేలా మార్పించాను. మూడు వందలు పెట్టి ఒక చిన్న వోల్టు మీటరు కొని సిగరెట్ లైటర్ రంధ్రంలో పెట్టాను. బండి నడుస్తుంటే 14కు అటూ ఇటూ, నిండుగా ఉండి ఆగి ఉంటే 12.6 చూపిస్తుంది. కొన్ని కార్లలో చిన్నది నీరసించగానే పెద్దదే మేలుకుని దాన్ని నింపే ఏర్పాటు ఉంటుంది. షోరూములో అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

మొదటి ఏడాది ఈ బండికి ఖర్చే లేదని ఆఫీసులో అందరికీ చెప్పేదాన్ని. ఇంజన్ ఆయిలు లేని మాట నిజం, బ్రేకు ప్యాడ్లు ఇంకా మొదటివే. టైర్లు మాత్రం 38 వేల కిలోమీటర్లకే మార్చాల్సి వచ్చింది. బండి బరువూ, నా కాలి దురుసూ రెండూ కారణాలే.

పొగ లేని కారని కూడా చెప్పేదాన్ని. ముత్తుకూరు వైపు వెళ్ళినప్పుడల్లా నేలటూరులోని థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 800 మెగావాట్ల యూనిట్లు మూడు, అన్నీ బొగ్గువే. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క వేస్తారు. నా బండి యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వస్తుంది, అంటే కిలోమీటరుకు 100 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వస్తాయి కనుక, పదహారు కిలోమీటర్ల మైలేజి ఇచ్చే కారుకు కిలోమీటరుకు 145 గ్రాముల దాకా అవుతుంది. అంటే మూడో వంతు మేలు ఉంది. బ్యాటరీ తయారీలో అయిన పొగను కలిపితే అదీ కొంత తగ్గుతుంది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల సబ్సిడీతో మేడ మీద 3 కిలోవాట్ల సోలారు పెట్టించాక, కారు నెలకు తాగే 275 యూనిట్లు లెక్కలో సరిపోతున్నాయి. అయితే ఎండ కాసే వేళ కారు గూడూరులో ఉంటుంది. రాత్రి నేను ప్లగ్గు పెట్టేసరికి వచ్చేది గ్రిడ్ కరెంటే.

మళ్ళీ కొంటానా అంటే, ఇదే ఇల్లు, ఇదే ఉద్యోగం, ఇదే దారి ఉంటే కొంటాను. మా తమ్ముడు ఒంగోలులో మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉంటాడు. కింద ప్లగ్గు పెట్టుకోవడానికి ఇంటి యజమాని ఒప్పుకోలేదు. వాడికి నేను ఈ కారు కొనమని చెప్పలేదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కరెంటు కార్లకు 5 శాతమే ఉన్నా, నేను కొన్ననాటి ధరల తేడా లెక్క ఇప్పుడు అంతే ఉండదు. వాడు ఇంకా తేల్చుకోలేదు. వచ్చే నెలలో అవ్వను చూడడానికి ఇద్దరం ఈ కారులోనే పామూరు వెళుతున్నాం. డిక్కీలో జంపర్ కేబుళ్ళు పెట్టాను. ట్రాక్టరు అమ్మేయలేదు కదా అని మామకు ఫోను చేసి కనుక్కున్నాను కూడా.