హన్యూ దారి మేలా, చెన్ దారి మేలా?

పురుషుల ఫిగర్ స్కేటింగ్ చూసేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఈ తగవు దగ్గరికే వస్తుంది: జపాన్‌కు చెందిన యుజురు హన్యూ గొప్పా, అమెరికాకు చెందిన నేథన్ చెన్ గొప్పా? పతకాలు లెక్కబెడితే తేలేది కాదిది. హన్యూకు ఒలింపిక్స్ వ్యక్తిగత స్వర్ణాలు రెండు (2014 సోచి, 2018 ప్యాంగ్‌చాంగ్), ప్రపంచ టైటిళ్లు రెండు. చెన్‌కు 2022 బీజింగ్‌లో వ్యక్తిగత స్వర్ణం, అదే క్రీడల్లో జట్టు స్వర్ణం, ప్రపంచ టైటిళ్లు మూడు. హన్యూ మొదట ఎక్కాడు. ప్యాంగ్‌చాంగ్ తర్వాత ఎదురుపడిన పెద్ద పోటీలన్నిటిలో చెన్‌దే పైచేయి. 2019లో టురిన్‌లో జరిగిన గ్రాండ్ ప్రి ఫైనల్‌లోనైతే తేడా ఏకంగా 43.87 పాయింట్లు.

కాబట్టి ఎవరు గొప్ప అన్నది పక్కన పెడదాం. ఇద్దరిలో ఎవరి దారి మేలైనది? నాలుగేళ్ల సాధన ఫలితం ఒలింపిక్స్‌లో రెండు ప్రదర్శనల మీద ఆధారపడి ఉంటుంది. షార్ట్ ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లు, ఫ్రీ స్కేట్ 4 నిమిషాలు. అన్నీ కలిపి ఏడు నిమిషాలు కూడా కావు. ఇలాంటి ఆటలో జీవితాన్ని ఎలా పేర్చుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు.

హన్యూ సెండాయ్ కుర్రాడు, చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు రింక్‌లో సాధన చేస్తున్నాడు. కాళ్లకు స్కేట్లు ఉండగానే బయటికి పరుగెత్తాడు. కుటుంబంతో కలిసి సహాయ శిబిరంలో తలదాచుకున్నాడు. రింక్ మూతపడటంతో ఆ ఏడాది ఊరూరా జరిగే ఐస్ షోలలో పాల్గొంటూ వాటినే సాధనగా మలుచుకున్నాడు. మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచి, టొరంటో వెళ్లి బ్రయన్ ఓర్సర్ శిష్యుడయ్యాడు. 19 ఏళ్లకు ఒలింపిక్ స్వర్ణం. నాలుగేళ్ల తర్వాత, చీలమండ గాయంతో మూడు నెలలు పోటీలకు దూరమై, నేరుగా ఒలింపిక్స్‌కే వచ్చి మళ్లీ స్వర్ణం. వరుసగా రెండుసార్లు గెలవడం అంటే 1948, 1952ల్లో డిక్ బటన్ తర్వాత అతనే.

ఇక్కడ ఆగిపోయినా అడిగేవాళ్లు లేరు. అతను ఆగలేదు. పోటీలో అప్పటిదాకా ఎవరూ నిలబెట్టని నాలుగు చుట్ల ఆక్సెల్ పట్టుకున్నాడు. జంపుల్లో ముందుకు చూస్తూ ఎగిరేది ఆక్సెల్ ఒక్కటే. దిగడం మాత్రం అన్నిటిలాగే వెనక్కి. అందుకే పేరుకు నాలుగు చుట్లైనా గాలిలో తిరగాల్సింది నాలుగున్నర. దాని మూల విలువ, అంటే జంప్‌కు నిబంధనల్లో ముందే రాసిపెట్టిన పాయింట్లు, 12.50. లట్జ్ అనే మరో జంప్‌ను నాలుగు చుట్లతో వేస్తే విలువ 11.50. ఆ అర చుట్టు కోసం ఏళ్ల తరబడి మంచు మీద పడి లేచినందుకు నిబంధనలు ఇచ్చే కూలి ఒకే ఒక్క పాయింటు!

బీజింగ్ ఫ్రీ స్కేట్‌లో ఆ జంపుతోనే మొదలుపెట్టాడు. పడ్డాడు. చుట్టు కాస్త తక్కువైందని మూల విలువ 10కి తగ్గింది, పడినందుకు నాణ్యత మార్కుల్లో 5 పోయాయి, పైగా పడినందుకు విడిగా ఒక పాయింటు జరిమానా. చేతికి మిగిలింది 4. తనకు నిద్రలో కూడా వచ్చే మూడు చుట్ల ఆక్సెల్ వేసి ఉంటే పదకొండు దాకా వచ్చేవి. మొత్తం 283.21తో నాలుగో స్థానం.

అయితే ఆక్సెల్ మోజులో పతకం పోగొట్టుకున్నాడని చాలామంది అంటారు, అది సరికాదు. కాంస్యానికి అతనికి ఉన్న దూరం 9.79 పాయింట్లు. రెండు రోజుల ముందు షార్ట్ ప్రోగ్రామ్‌లో మొదటి జంప్ నాలుగు చుట్ల సాల్కౌ. ఎగిరే చోట మంచులో ఉన్న గుంతలో బ్లేడు పడిందని హన్యూ తర్వాత చెప్పాడు. జంప్ ఒక్క చుట్టుతో ముగిసింది. షార్ట్ ప్రోగ్రామ్‌లో దానికి విలువ సున్నా. సవ్యంగా దిగి ఉంటే మూల విలువే 9.70, నాణ్యతకు ఇచ్చేవి అదనం. పతకం పోయింది ఆ గుంతలో.

చెన్ కథలోనూ ఒక షార్ట్ ప్రోగ్రామ్ ఉంది. 2018లో ప్యాంగ్‌చాంగ్‌కు వెళ్లేటప్పటికి అందరి కళ్లూ ఈ 18 ఏళ్ల కుర్రాడి మీదే. షార్ట్‌లో ఒక్క జంపూ కుదరలేదు. 82.27, పదిహేడో స్థానం. మర్నాడు ఇక పోయేదేమీ లేదన్నట్టు ఫ్రీ స్కేట్‌లో నాలుగు చుట్ల జంపులు ఆరు వేశాడు. 215.08, ఆ రోజు అందరికంటే ఎక్కువ, హన్యూ కంటే దాదాపు తొమ్మిది పాయింట్లు పైన. అయినా మొత్తం మీద అయిదో స్థానమే.

ఆ తర్వాత చేసిన పనే అతని కెరీర్‌లో అసలు మలుపు. ఆ ఏడే యేల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కోచ్ రఫాయెల్ అరుతున్యాన్ ఉన్నది కాలిఫోర్నియాలో, కాలేజీ ఉన్నది దేశానికి రెండో కొసన. మధ్యలో ఫోను. క్లాసుల నడుమ విశ్వవిద్యాలయం రింక్‌లో చాలావరకు ఒంటరి సాధన. అగ్రశ్రేణి స్కేటర్‌కు ఇది ఆత్మహత్యేనని అనుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. తీరా చూస్తే ఆ మొదటి ఏడాదే ప్రపంచ టైటిల్ నిలబెట్టుకున్నాడు. బీజింగ్‌కు ముందు చదువుకు విరామమిచ్చి కోచ్ దగ్గరికి వెళ్లాడు. షార్ట్‌లో 113.97తో ప్రపంచ రికార్డు, మొత్తం 332.60తో స్వర్ణం. ఆ తర్వాత పోటీలో దిగలేదు. 2024లో స్టాటిస్టిక్స్, డేటా సైన్స్‌లో పట్టా పుచ్చుకున్నాడు.

‘చెన్ చదువుకున్నాడు, హన్యూ స్కేటింగే లోకం’ అని తేల్చేస్తారు కొందరు. హన్యూ కూడా వసేదా విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ విధానంలో చదివి 2020లో పట్టభద్రుడయ్యాడు. కానీ అతని థీసిస్ దేని మీద? సెన్సర్లతో శరీర కదలికలను నమోదు చేసి ఫిగర్ స్కేటింగ్‌లో వాడుకోవడం మీద! చెన్‌కు చదువు రింక్ బయటికి తలుపు. హన్యూకు అదీ రింక్‌లోకే.

మూడో దారి కూడా ఉంది, మరో అమెరికన్ స్కేటర్ జేసన్ బ్రౌన్‌ది. బీజింగ్‌లో నాలుగు చుట్ల జంప్ ఒక్కటీ లేకుండా 281.24 సాధించి ఆరో స్థానంలో నిలిచాడు. హన్యూకు రెండు పాయింట్లు కూడా తగ్గలేదు. ముప్పై దాటాక కూడా పోటీల్లో ఉన్నాడు. శరీరాన్ని కాపాడుకుంటూ ఎక్కువ కాలం ఆడాలంటే ఇదే ఉత్తమం, కానీ వ్యక్తిగత స్వర్ణం ఆశ వదులుకోవాలి. మన హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది ఇలాంటి విన్యాసాలతోనే, కాకపోతే అవి చక్రాల స్కేట్ల మీద. ఐస్ రింక్ దొరకడమే గగనమైన మన దగ్గర ఈ చర్చంతా చూసేవాళ్ల ముచ్చటే మరి.

ఇక తూకం. హన్యూ 2022 జులైలో పోటీలకు సెలవు చెప్పి ప్రొఫెషనల్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో ఒక్కడే ప్రదర్శన ఇస్తే 35,000 మంది వచ్చారు. నాలుగో స్థానంతో వెనుదిరిగినవాడి కోసం అంత జనం రావడం జపాన్‌లోనే సాధ్యం. అమెరికాలో ఐస్ షోలకు ఆ ఆదరణ ఎప్పుడో పలుచబడింది. అక్కడ స్కేటర్‌కు రెండో బతుకుతెరువు ఉండాల్సిందే. అంటే హన్యూ దారి హన్యూకే, ఆ దేశంలోనే, ఆ పేరుతోనే చెల్లుతుంది. గుంతలో బ్లేడు పడ్డా కూలిపోని జీవితం కావాలంటే ఇంకెవరైనా పట్టాల్సింది చెన్ దారే. హన్యూ స్కేటింగ్ అంటే నాకెంత ఇష్టమైనా సరే, నా ఓటు చెన్ దారికి.

కానీ చెన్ ఖాతాలో లేని పద్దు ఒకటి హన్యూ ఖాతాలో ఉంది. బీజింగ్ ముగిసిన ఏడు నెలలకు, 2022 సెప్టెంబరులో, లేక్ ప్లాసిడ్‌లో ఇల్యా మలినిన్ అనే 17 ఏళ్ల అమెరికన్ కుర్రాడు పోటీలో మొట్టమొదటిసారి నాలుగు చుట్ల ఆక్సెల్ శుభ్రంగా దిగాడు. దాని జోలికి వెళ్లడానికి ప్రేరణ ఎవరని అడిగితే అతను చెప్పిన పేరు హన్యూ.