తెల్లరంగు చాలని పన్నెండు ట్యూబుల డబ్బా

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌ని పొద్దుటి మంచులో ఉన్నట్టే ఆయిల్స్‌లో వేయాలని ఎప్పటినుంచో కోరిక. జనవరిలో ఒకరోజు ఆరున్నరకల్లా జెట్టీ మీదకి వెళ్లి ఫోన్‌లో నాలుగైదు ఫొటోలు తీసుకొచ్చి, ఆన్‌లైన్‌లో ఈ ఆయిల్ రంగుల సెట్ తెప్పించాను. 12 ట్యూబులు, ఒక్కోటి 9 మిల్లీలీటర్లు, మూడు బ్రష్షులు, ఒక 12 బై 16 అంగుళాల కాన్వాస్ బోర్డు. కంపెనీ పేరు ఎందుకులెండి.

అసలు గొడవ తెల్లరంగుతో. మంచులో హార్బర్ అంటే ముదురు రంగులకి పెద్దగా పని ఉండదు. దగ్గరున్న మరపడవ అడుగుభాగం ఒక్కటే కాస్త నల్లగా కనబడుతుంది, దాని వెనక పడవలు పాలిపోయి, ఆ వెనక క్రేన్లు ఇంకా పాలిపోయి, చివర డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గరకి వచ్చేసరికి ఆకాశానికీ కొండకీ ఒక్క పిసరే తేడా. ఆ పిసరు తేడాలన్నీ తెల్లరంగు కలిపితేనే వస్తాయి. వీళ్లేమో తెలుపూ 9 మిల్లీలీటర్లే, నలుపూ 9 మిల్లీలీటర్లే ఇచ్చారు! ఆకాశం, నీళ్లు మొదటి పూత వేసేసరికే తెలుపు అయిపోయింది. ట్యూబుని కత్తెరతో నిలువునా చీరి, లోపల అంటుకున్నది నైఫ్‌తో గీకి కొండ పూర్తి చేశాను. చూసిన మా అమ్మ "టూత్‌పేస్టుకి కూడా ఇంత కష్టపడవు కదరా" అంది.

మంచి కూడా చెప్పాలి. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం, బర్ంట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు రెండూ బాగున్నాయి. ఈ రెండూ కలిపితే వచ్చే బూడిదరంగు ఉందే, నీలం కొంచెం ఎక్కువైతే దూరంగా ఉన్న కొండ, సియెన్నా కొంచెం ఎక్కువైతే దగ్గరున్న తడి చెక్క, అంతే, సగం బొమ్మ దాంతోనే లాగించేశాను. థాలో బ్లూతో మాత్రం జాగ్రత్త, అగ్గిపుల్ల తలంత వేసినా పాలెట్ అంతా నీలమే.

ఎర్రటి సూర్యుడి దగ్గర ఇంకో చిక్కు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనె 1872లో వాళ్ల దేశంలోని లె హావ్ర్ రేవుని వేసిన బొమ్మని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, సూర్యుడు దాదాపు మాయమైపోతాడు. అంటే ఆ సూర్యుడు వెనకున్న మబ్బు కంటే పెద్ద వెలుగేమీ కాదు, మెరుపంతా రంగు తేడాలోదే. నేనూ అలాగే వేద్దామనుకుంటే ఈ సెట్‌లో నారింజకి అంత చేవ లేదు, మబ్బుకి సరిపడా లేతగా చేద్దామని తెలుపు తగిలిస్తే చాలు, గులాబీ ఐస్‌క్రీం అయిపోతోంది.

బోర్డు నూనెని పీల్చేస్తుంది. అంచులు మెత్తగా కలపాలంటే రంగు తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో తేలిగ్గా రాయాలి కదా, దీనిమీద ఆకాశం కాసేపటికే పట్టేసింది, అదే మందంగా వేసిన సూర్యుడు వారమైనా ఆరలేదు. పైగా బ్రష్షు వెంట్రుకలు ఊడుతున్నాయి. ఒకటి లైట్‌హౌస్ పైన ఇరుక్కుంటే తియ్యబోయి కొండంతా పాడుచేసుకోవడం ఎందుకని వదిలేశాను, ఇంటికొచ్చిన ఫ్రెండ్ "యాంటెన్నా భలే వేశావ్" అన్నాడు.

మంచు, వాన, రేవు లాంటివి వేయాలనుకునేవాళ్లు ఈ డబ్బా జోలికి వెళ్లొద్దు. అదే డబ్బుకి విడిగా పెద్ద టైటానియం వైట్ ఒకటి, అల్ట్రామెరీన్, బర్ంట్ సియెన్నా, ఎల్లో ఓకర్, ఒక మంచి ఎరుపు చిన్న ట్యూబులు చూసుకోండి. తెలుపు కొనేముందు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉండే రంగుపొడి కోడ్ చదవండి: పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 4 అంటే జింక్. జింక్ ఎక్కువున్న పూత ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది.

అయిదుకి రెండున్నర స్టార్లు. అందులో రెండు ఆ బూడిదరంగుకే. నల్లరంగు ట్యూబు మూత ఇంతవరకూ తియ్యలేదు, ఎవరికైనా కావాలంటే చెప్పండి.