కోనన్ మూడు సంపుటాలు: దేనితో మొదలుపెట్టాలి, దేన్ని దాటేయాలి

కత్తి పట్టిన కల్పిత వీరుడు కోనన్ పేరుతో దొరికే పుస్తకాలు బోలెడు. వాటిలో ఆ పాత్రను పుట్టించిన రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసినవి కొన్నే. అతను పూర్తిచేసిన కోనన్ కథలు మొత్తం 21. ఇంకొకరి చెయ్యి పడకుండా ఆ ఇరవై ఒకటీ కావాలంటే డెల్ రే అనే ప్రచురణ సంస్థ వేసిన మూడు పేపర్‌బ్యాక్‌లు కొనాలి: 'ది కమింగ్ ఆఫ్ కోనన్ ది సిమ్మేరియన్' (2003), 'ది బ్లడీ క్రౌన్ ఆఫ్ కోనన్' (2004), 'ది కాంకరింగ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్' (2005). కత్తీ మంత్రమూ కలిసిన పల్ప్ (చవక కాగితపు పత్రికల) సాహసాల్లోకి దిగడానికి ఇంతకన్నా మంచి సెట్ లేదు. కాకపోతే మొదటి పేజీ నుంచి వరసపెట్టి చదివితే మొదటి సంపుటం సగం దాటేసరికి మొహం మొత్తుతుంది. దాని కారణం తెలిస్తే తప్పించుకోవడం తేలికే.

ఈ సంపుటాల్లో కథలు కోనన్ వయసు ప్రకారం ఉండవు, హోవర్డ్ రాసిన వరసలో ఉంటాయి. మొదటి కథ 'ది ఫీనిక్స్ ఆన్ ది స్వోర్డ్'లోనే కోనన్ నడివయసు రాజు. తర్వాతి కథలో మంచు మైదానంలో పడుచువాడు. ఇంకో రెండు కథలు దాటాక దొంగతనాలకు కొత్త కుర్రాడు. సాహసాలు చేసినవాడు గతాన్ని వరసపెట్టి చెప్పడు, గుర్తొచ్చినట్టు చెబుతాడని హోవర్డే ఒక ఉత్తరంలో రాశాడు. కాబట్టి కాలక్రమం గురించి బెంగ అక్కర్లేదు, ఏ కథకాకథ విడిగా నిలబడుతుంది. ఆ మొదటి కథ వెనుక సంగతి కూడా తమాషాగా ఉంటుంది. కల్ అనే ఇంకో రాజు మీద రాసి అమ్ముడుపోని కథను తీసుకుని, మంత్రగాణ్ణీ భూతాన్నీ చేర్చి తిరగరాస్తే 1932 డిసెంబర్ 'వియర్డ్ టేల్స్' పత్రికలో కోనన్‌గా అచ్చయింది. దాని తొలి ప్రతి సంపుటం చివర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే హోవర్డ్ ఏం కొట్టేశాడో ఎందుకు కొట్టేశాడో తెలుస్తుంది. రాసే అలవాటున్నవాళ్ళు ఆ పేజీలు వదలకూడదు.

ఇక మొహం మొత్తడం సంగతి. మొదటి సంపుటంలో 13 కథలున్నాయి. వాటి రెండో సగంలో చాలా భాగం అమ్మకం కోసం ఒకే అచ్చులో పోసినవి. పాడుబడ్డ నగరమో దీవో, కోనన్ వెంట భయపడే ఒక అమ్మాయి, చీకట్లో ఏదో కదలడం, చివర కత్తి. 'ఐరన్ షాడోస్ ఇన్ ది మూన్', 'ది డెవిల్ ఇన్ ఐరన్' రెండూ విలాయెత్ సముద్రంలోని దీవుల మీదే జరుగుతాయి, రెండింట్లోనూ ఇనుమే ప్రాణం పోసుకుంటుంది. పత్రికలో మొదటిది 1934 ఏప్రిల్‌లో వచ్చింది, రెండోది ఆగస్టులో. నాలుగు నెలల ఎడంలో చదివినవాడికి పోలిక అంతగా కనబడి ఉండదు. ఒకే సాయంత్రం రెండూ చదివితే మాత్రం దొరికిపోతాయి. 'జుథాల్ ఆఫ్ ది డస్క్'లో కొరడా దృశ్యం ఎందుకుందో కూడా 1933 సెప్టెంబర్ సంచిక అట్ట చూస్తే అర్థమవుతుంది. మార్గరెట్ బ్రండేజ్ అట్ట మీద గీసింది ఆ దృశ్యాన్నే. అట్టెక్కే బొమ్మకు పనికొచ్చే దృశ్యం ఒకటి కథలో పెట్టడం పల్ప్ రచయితకు వ్యాపారం.

అందుకని పూటకు ఒక్క కథే చదవండి. మొదలు 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్'తో పెట్టండి. దొంగ కోనన్ ఒక మాంత్రికుడి గోపురంలో రత్నం కొట్టేయడానికి వెళతాడు. తోటలో సింహాలు, వాటిమీదికి నల్ల కలువ పొడి, పైన గదిలో పంది పరిమాణంలో సాలీడు. ఇంతవరకూ మామూలు దొంగతనం కథే. అక్కణ్ణించి మెట్లు దిగి వెళ్ళిన గదిలో కూర్చుని ఉన్నదాన్ని చూశాక కథ పూర్తిగా వేరే దారి పడుతుంది, కత్తి చేసే పని మారిపోతుంది. ఈ జాతి కథల్లో జాలి ఇంత బాగా కుదిరినవి తక్కువ. తర్వాత 'రోగ్స్ ఇన్ ది హౌస్', ఆపైన 'క్వీన్ ఆఫ్ ది బ్లాక్ కోస్ట్'. ఈ మూడూ నచ్చకపోతే మిగతా సెట్ కొనక్కర్లేదు.

అక్కడి నుంచి రెండో సంపుటానికి కాక మూడోదానికి దూకండి. హోవర్డ్ చెయ్యి బాగా తిరిగింది అందులోనే. 'బియాండ్ ది బ్లాక్ రివర్' సరిహద్దు కథ. నది ఇవతల కొత్తగా అడవి కొట్టుకుని నిలబడ్డ వలసవాళ్ళు, అవతల పిక్టులనే అడవి తెగలవాళ్ళు. టెక్సస్ మనిషైన హోవర్డ్ అమెరికా సరిహద్దు చరిత్రనే కోనన్ లోకంలోకి తెచ్చిపెట్టాడు. కథ ఎక్కువగా బాల్థస్ అనే మామూలు కుర్రాడి కళ్ళతో నడుస్తుంది, అందుకే కోనన్ ఎంత ప్రమాదకరమైన మనిషో పక్కనుంచి తెలుస్తుంది. గెలిచినట్టే ఉండి గెలవని ముగింపు దీనిది. 'రెడ్ నెయిల్స్' దీనికి పూర్తిగా ఎదురు. ఆకాశం కనబడకుండా కప్పేసిన ఒకే కట్టడంలాంటి నగరం, లోపల ఒకరినొకరు చంపుకుంటూ తరిగిపోతున్న రెండు తెగలు. 1936 జూన్‌లో హోవర్డ్ చనిపోయాక ఇది పత్రికలో సీరియల్‌గా రావడం మొదలైంది. అదే సంపుటంలోని 'ది బ్లాక్ స్ట్రేంజర్' మాత్రం సాగతీత. కోనన్ మొదట్లో కనబడి చాలా సేపు మాయమవుతాడు, ఆ ఖాళీలో సముద్రదొంగలు నిధి గురించి మాట్లాడుకుంటూనే ఉంటారు.

రెండో సంపుటంలో మూడే రచనలు, మూడూ పెద్దవే. 'ది పీపుల్ ఆఫ్ ది బ్లాక్ సర్కిల్' వెంధ్య అనే దేశంలో మొదలై హిమేలియన్ కొండల్లోకి వెళుతుంది. దేవి యాస్మినా, భుండా చంద్ లాంటి పేర్లు చూసి కాసేపు నవ్వొస్తుంది, ఫర్వాలేదు. ఇందులో బలం దుష్టుల సంఖ్య. ఒక్క మాంత్రికుడు కాదు, నాలుగైదు పక్షాలు, ఎవరి లెక్క వాళ్ళది, గంటకోసారి పొత్తులు మారుతుంటాయి. 'ది అవర్ ఆఫ్ ది డ్రాగన్' హోవర్డ్ రాసిన ఒకే ఒక్క కోనన్ నవల. ఇంగ్లండు ప్రచురణకర్త కోసం రాసింది, ఆ సంస్థ మూతపడటంతో అక్కడ రాలేదు. కొత్త పాఠకులకు పరిచయంగా ఉండాలని పాత కథల సరుకు, ముఖ్యంగా 'ది స్కార్లెట్ సిటడెల్'ది, ఇందులో మళ్ళీ వాడాడు. కాబట్టి ఆ కథ చదివిన వెంటనే దీన్ని ముట్టుకోవద్దు. 'ఎ విచ్ షల్ బి బార్న్'లో కోనన్‌ను శిలువ వేసే అధ్యాయం ఒక్కటి చాలు, పుస్తకం ధర అక్కడికే చెల్లు. మిగతా కథలో సగం ఉత్తరాలూ సంభాషణలే.

దాటేయాల్సింది ఒకటుంది: 'ది వేల్ ఆఫ్ లాస్ట్ విమెన్'. కథగా పేలవం, నల్లవాళ్ళ గురించి రాసిన తీరు అసహ్యం. హోవర్డ్ బతికుండగా అచ్చు కూడా కాలేదు. 'ది మ్యాన్-ఈటర్స్ ఆఫ్ జాంబౌలా'లోనూ అదే జాడ్యం ఉంది, కాకపోతే కథ నడక గట్టిది. ముందే తెలిసి చదవడం మంచిది.

కొనేవాళ్ళను తికమకపెట్టేది పేర్లు. సంపుటాల్లో చాలావరకు హోవర్డ్ పెట్టిన పేర్లున్నాయి, పాత పుస్తకాల్లో పత్రిక మార్చిన పేర్లుంటాయి. 'జుథాల్ ఆఫ్ ది డస్క్' అన్నా 'ది స్లిథరింగ్ షాడో' అన్నా ఒకటే. 'ఐరన్ షాడోస్ ఇన్ ది మూన్' పాత పేరు 'షాడోస్ ఇన్ ది మూన్‌లైట్'. 'ది సర్వెంట్స్ ఆఫ్ బిట్-యాకిన్', 'జ్యూయెల్స్ ఆఫ్ గ్వాలూర్' ఒకే కథ. జాంబౌలా కథ 'షాడోస్ ఇన్ జాంబౌలా'గా వచ్చింది. ఏదో తప్పిపోయిందనుకుని రెండోసారి డబ్బు పెట్టకండి.

1966 నుంచి లాన్సర్ వేసిన పాత పేపర్‌బ్యాక్‌లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అట్టల కోసం కొనొచ్చు. ఫ్రాంక్ ఫ్రజెట్టా గీసిన కోనన్ రూపమే ఇవాళ అందరికీ తెలిసినది. లోపలి సరుకుతో మాత్రం జాగ్రత్త. స్ప్రేగ్ డి క్యాంప్, లిన్ కార్టర్ అనే ఇద్దరు రచయితలు కథలను కోనన్ వయసు వరసలో పేర్చి, ఖాళీలున్న చోట సొంత కథలు దూర్చి, హోవర్డ్ వాక్యాలను అక్కడక్కడా దిద్దారు. అట్ట మీద హోవర్డ్ పేరు పక్కన ఇంకో పేరుంటే విషయసూచికలో కథ కథకూ రచయిత ఎవరో చూసుకోండి.

డెల్ రే సెట్‌కు వస్తే, పాఠాన్ని పరిష్కరించింది పాట్రిస్ లూయినే. ప్రతి సంపుటం చివరా ఏ కథ ఎప్పుడు ఎలా పుట్టిందో చెప్పే అతని వ్యాసం ఉంది, ముందే చదివితే కథలు బయటపడిపోతాయి. బొమ్మలు వరసగా మార్క్ షుల్ట్జ్, గ్యారీ జియాని, గ్రెగరీ మాంచెస్‌వి. షుల్ట్జ్ సిరా గీతలు నలుపు తెలుపులో బాగా నిలబడ్డాయి. మాంచెస్ బొమ్మలు తైలవర్ణాలు, బూడిదరంగులోకి దిగేసరికి మసకబారాయి. మొదటి సంపుటంలోని పటాలకూ, 'ది హైబోరియన్ ఏజ్' అనే కోనన్ లోకపు కల్పిత చరిత్ర వ్యాసానికీ గుర్తు పెట్టుకోండి, ఏ దేశం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. అయితే ఆ వ్యాసాన్ని ముందు చదవబోకండి, తెగల పేర్ల జాబితాలో మునిగిపోతారు.

ఇవి అయ్యాక ఇదే దారిలో ఇంకా కావాలంటే సి. ఎల్. మూర్ రాసిన 'బ్లాక్ గాడ్స్ కిస్' (1934) చూడండి. కత్తి పట్టిన కథానాయిక జిరెల్ ఆఫ్ జాయిరీ అక్కడే పుట్టింది, కోనన్ కథలు అచ్చయిన పత్రికలోనే. ఫ్రిట్జ్ లైబర్ దగ్గరకు వెళితే 'స్వోర్డ్స్ అండ్ డెవిల్ట్రీ'లో మొదట ఉన్న 'ది స్నో విమెన్'ను పక్కన పెట్టి, చివర్లో ఉన్న 'ఇల్ మెట్ ఇన్ లాంఖ్‌మార్' తెరవండి. లైబర్ వీరులిద్దరు, ఫాఫర్డ్, గ్రే మౌజర్, కలిసి ఒక జట్టయ్యే కథ అదే.